కేసు హేగ్‌లో, సాక్ష్యం ఫైల్లో

మాలె విమానాశ్రయాన్ని వారం రోజుల్లో అప్పగించి వెళ్లాలని 2012 నవంబరు చివర్లో మాల్దీవుల ప్రభుత్వం జీఎంఆర్ సంస్థకు నోటీసు ఇచ్చింది. రెండేళ్ల కిందట 25 ఏళ్ల కాలానికి రాసుకున్న ఒప్పందం అసలు చెల్లదంది. రాజాంలో మూలాలున్న ఆ సంస్థ సింగపూర్ కోర్టు తలుపు తట్టింది. అక్కడి హైకోర్టు డిసెంబరు 3న స్టే ఇస్తే మూడు రోజులకే అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. తన గడ్డ మీది విమానాశ్రయాన్ని వెనక్కి తీసుకునే అధికారం సార్వభౌమ ప్రభుత్వానికి ఉంటుంది, అది ఒప్పంద ఉల్లంఘన అని తేలితే నష్టపరిహారం ఇప్పించవచ్చు అన్నది ఆ తీర్పు సారం. మర్నాడు రాత్రికే విమానాశ్రయం చేతులు మారింది. నాలుగేళ్ల తర్వాత మాల్దీవులు ఆ సంస్థకు సుమారు 27 కోట్ల డాలర్లు కట్టింది.

అది కాంట్రాక్టు వివాదం. దేశాలు చేసుకున్న పెట్టుబడుల ఒప్పందాల కింద నడిచే మధ్యవర్తిత్వం దారి వేరు. అయినా రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే. పెట్టుబడికి చోటిచ్చిన దేశానికి, అంటే ఆతిథ్య దేశానికి, తన చట్టాలూ విధానాలూ మార్చుకునే హక్కు ఉందా అని ఇవాళ ఎవరూ గట్టిగా ప్రశ్నించడం లేదు. ఉంది. ఆ హక్కు వాడుకున్నందుకు డబ్బు కట్టాలా, కడితే ఎంత అన్నదగ్గరే తగువంతా. దీనికి జవాబు ఒప్పందంలోని మాటల్లో కొంత ఉంటుంది. అంతకన్నా ఎక్కువగా, నిర్ణయం తీసుకున్న రోజు ప్రభుత్వ ఫైల్లో ఏం రాశారన్న దాంట్లో ఉంటుంది. మనదేశం ఓడిన కేసులు చూసినా, చిన్న దేశాలు గెలిచిన కేసులు చూసినా నాకు కనిపించేది ఇదే.

ఈ వ్యవస్థ పుట్టుక గురించి రెండు మాటలు చాలు. తొలి ద్వైపాక్షిక పెట్టుబడుల ఒప్పందం 1959లో పశ్చిమ జర్మనీ, పాకిస్థాన్‌ల మధ్య కుదిరింది. మనం 1994లో బ్రిటన్‌తో మొదలుపెట్టాం. విదేశీ పెట్టుబడిదారు స్థానిక కోర్టులతో పని లేకుండా నేరుగా ప్రభుత్వం మీద ముగ్గురు మధ్యవర్తుల ట్రైబ్యునల్ ముందు దావా వేయవచ్చన్నది ఈ ఒప్పందాల్లోని అసలు సరుకు. ప్రభుత్వం తనంత తాను పెట్టుబడిదారు మీద అక్కడ దావా వేసే వీలు దాదాపు లేదు. ప్రపంచ బ్యాంకు ఛత్రం కింద ఉన్న పెట్టుబడి వివాదాల కేంద్రంలో మనదేశం ఇప్పటికీ సభ్యురాలు కాదు. అందుకే మన కేసులు ఎక్కువగా ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ కమిషన్ నిబంధనల కింద, తరచూ హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం నిర్వహణలో సాగుతాయి. వాటి పత్రాల్లో చాలా మటుకు జనానికి కనిపించవు. తొంభైల్లో మన పాలకులు ఈ ఒప్పందాలను విదేశీ పర్యటనల చివర సంతకాల కార్యక్రమానికి పనికొచ్చే కాగితాలుగానే చూశారేమో అనిపిస్తుంది. ఆ మత్తు 2011లో వదిలింది. పిపర్వార్ బొగ్గు గని విషయంలో కోల్ ఇండియా మీద మధ్యవర్తిత్వంలో గెలిచిన వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా సంస్థ, ఆ తీర్పు అమలు కోసం మన కోర్టుల చుట్టూ తొమ్మిదేళ్లు తిరిగింది. కువైట్‌తో మనం చేసుకున్న ఒప్పందంలోని ఒక వాక్యాన్ని, మరో దేశానికిచ్చిన మేలు తనకూ అడిగే ‘అత్యంత అనుకూల దేశం’ నిబంధన ద్వారా అరువు తెచ్చుకుని, ఆ జాప్యమే ఉల్లంఘన అని నిరూపించింది. దక్కింది 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల చిల్లర. కానీ దిల్లీకి తగిలిన దెబ్బ చిన్నది కాదు.

ఆతిథ్య దేశం హక్కు ఎలా నిలబడుతుందో చూడాలంటే ఉరుగ్వే దగ్గరికి వెళ్లాలి. హైదరాబాద్ నగరం కంటే తక్కువ జనాభా ఉన్న దేశం అది. సిగరెట్ పెట్టె మీద 80 శాతం మేర హెచ్చరిక బొమ్మలు ఉండాలనీ, ఒక్కో బ్రాండులో ఒకే రకం అమ్మాలనీ 2008, 2009ల్లో నిబంధనలు తెచ్చింది. లైట్, గోల్డ్ వంటి పేర్లతో కొన్ని సిగరెట్లు తక్కువ హాని చేస్తాయన్న భ్రమ పుట్టించడాన్ని ఆపడమే రెండో నిబంధన ఉద్దేశం. ఫిలిప్ మోరిస్ తన స్విట్జర్లాండ్ శాఖ ద్వారా 2010లో దావా వేసింది. ఆ విధానం మొదలుపెట్టిన అధ్యక్షుడు తబారే వాస్కెస్ స్వయంగా క్యాన్సర్ వైద్యుడు. 2016 జులైలో ట్రైబ్యునల్ దావాను కొట్టేసింది. ప్రజారోగ్యం కోసం, వివక్ష లేకుండా, సదుద్దేశంతో చేసిన నియంత్రణ ఆస్తి స్వాధీనం కిందికి రాదని చెప్పింది. అంతకంటే నాకు ముఖ్యమనిపించేది ఇంకో మాట. ప్రతి నిబంధనకూ సొంత పరిశోధన చేయించే స్తోమత ఉరుగ్వేకి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒడంబడిక, దాని వెనకున్న శాస్త్రీయ ఆధారాల మీద అది ఆధారపడింది. చిన్న దేశానికి అది చాలునని ట్రైబ్యునల్ ఒప్పుకుంది. అంటే ఉరుగ్వే ఫైల్లో కారణం ఉంది, ఆ కారణానికి ఆధారం ఉంది, రెండూ నిర్ణయానికి ముందే ఉన్నాయి. ఖర్చుల కింద 70 లక్షల డాలర్లు కంపెనీయే కట్టాలని కూడా తీర్పు వచ్చింది. ఉరుగ్వేకి అయిన వ్యయం కోటి డాలర్ల పైమాటే కాబట్టి గెలిచిన దేశం కూడా చేతి డబ్బు పెట్టుకోక తప్పలేదు.

ఇప్పుడు దీని పక్కన దేవాస్ వ్యవహారం పెట్టి చూడండి. ఇస్రో వాణిజ్య విభాగం యాంట్రిక్స్ 2005 జనవరిలో దేవాస్ కంపెనీకి ఎస్-బ్యాండ్ స్పెక్ట్రమ్ వాడుకునే అవకాశం ఇచ్చింది. 2011 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గ భద్రతా వ్యవహారాల సంఘం దాన్ని రద్దు చేసింది. రద్దుకు చెప్పిన కారణం ఒక్కటి కాదు. రక్షణ, పారామిలిటరీ బలగాల అవసరాలు అన్నారు. అదే వాక్యంలో రైల్వేలు, ఇతర ప్రజా సేవలు, సామాజిక అవసరాలు కూడా చేర్చారు. ఫైలు తయారుచేసిన అధికారికి అది వాదనను బలపరిచే పని అనిపించి ఉంటుంది. జరిగింది తలకిందులు. దేవాస్‌లోని మారిషస్ పెట్టుబడిదారులు వేసిన కేసులో 2016లో ట్రైబ్యునల్ ఆ వాక్యాన్ని విడదీసింది. భద్రతా అవసరాలకు పోయిన 60 శాతం స్పెక్ట్రమ్ వరకూ పరిహారం అక్కర్లేదంది. మిగిలిన 40 శాతం రైళ్ల కోసం, సమాజం కోసం తీసుకున్నది కాబట్టి స్వాధీనమే, డబ్బు కట్టాలంది. అదే రద్దు మీద డాయిష్ టెలికామ్ జర్మనీతో ఉన్న ఒప్పందం కింద కేసు వేసింది. అక్కడ భద్రతకు ‘అవసరమైన మేరకు’ అన్న పదాలున్నాయి. 2017లో ఆ ట్రైబ్యునల్ మన భద్రతా వాదనను మొత్తంగా తోసిపుచ్చింది. ఒకే కేబినెట్ నిర్ణయం, ఒకే ఫైలు, రెండు వేర్వేరు జవాబులు. ఈ వ్యవస్థలో పూర్వ తీర్పుకు కట్టుబడాల్సిన పని ఎవరికీ లేదు, పై కోర్టు లేదు. 2020లో రెండు కేసుల్లోనూ కలిపి పరిహారం వడ్డీ కాక 20 కోట్ల డాలర్లు దాటింది.

దేవాస్ ఒప్పందమే మోసపూరితమని కంపెనీని మూసివేయించే ప్రక్రియ 2021లో మొదలైంది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అప్పటికి అవార్డులన్నీ, అంటే మధ్యవర్తుల తీర్పులన్నీ, వచ్చేశాయి. లంచమిచ్చి సంపాదించిన కాంట్రాక్టుకు రక్షణ ఉండదన్న సూత్రాన్ని ట్రైబ్యునళ్లు ఎప్పుడో ఒప్పుకున్నాయి. 2006లో కెన్యా, 2013లో ఉజ్బెకిస్థాన్ ఆ వాదనతోనే గెలిచాయి. కాకపోతే ఆ వాదన సకాలంలో, సాక్ష్యంతో రావాలి. నైజీరియా మీద వడ్డీతో కలిపి 1,100 కోట్ల డాలర్లకు చేరిన ఒక గ్యాస్ కాంట్రాక్టు అవార్డును 2023లో లండన్ హైకోర్టు రద్దు చేసిందంటే, లంచాల చెల్లింపుల పత్రాలను ఆ దేశం తవ్వి తీయడం వల్లే.

పన్ను కేసుల్లో మన ఫైలు ఇంకా పలచన. వొడాఫోన్ కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు పన్ను పడదని తేల్చింది. కొన్ని నెలల్లోనే పార్లమెంటు 1962 నుంచీ వర్తించేలా చట్టం సవరించింది. ఆ సవరణ బలంతో కెయిర్న్ సంస్థ పాత పునర్వ్యవస్థీకరణ మీద పన్ను అడిగి, దాని వాటాలు అమ్మి, డివిడెండు పట్టుకున్నారు. 2020 సెప్టెంబరులో వొడాఫోన్, డిసెంబరులో కెయిర్న్ గెలిచాయి. రెండూ ఏకగ్రీవ తీర్పులు. మనం నియమించిన మధ్యవర్తులూ మన పక్షాన నిలవలేదు. కెయిర్న్ ట్రైబ్యునల్ పన్ను వేసే అధికారాన్ని తప్పుపట్టలేదు. ఎప్పుడో ముగిసిన లావాదేవీ మీద వెనక్కి వెళ్లి వేయడానికి తగిన ప్రజాప్రయోజన కారణం చూపలేదంది. 120 కోట్ల డాలర్ల పైచిలుకు అవార్డు వసూలు కోసం కంపెనీ 2021 జులైలో పారిస్‌లోని మన ప్రభుత్వ ఆస్తుల మీద ఫ్రెంచి కోర్టు ఆదేశం తెచ్చుకుంది. ఆగస్టులో పార్లమెంటు వెనుక తేదీ పన్నును ఎత్తేసింది. కంపెనీకి సుమారు రూ.7,900 కోట్లు తిరిగి ఇచ్చారు. ఇవి సార్వభౌమత్వం మీద దాడి అని అప్పట్లో చాలామంది రాశారు. నాకలా తోచలేదు. ఏ కారణంతో వెనక్కి వెళ్తున్నామో సొంత పార్లమెంటులో కూడా సరిగ్గా చెప్పని చట్టాన్ని హేగ్‌లో ఎవరు సమర్థించగలరు?

అలాగని ఈ వ్యవస్థ ఆతిథ్య దేశానికి న్యాయం చేస్తోందని అనడానికీ లేదు. ఎల్ సాల్వడార్‌నే చూడండి. బంగారు గనికి అనుమతి ఇవ్వలేదని పసిఫిక్ రిమ్ అనే కంపెనీ 2009లో కేసు వేసి 25 కోట్ల డాలర్లు అడిగింది. గనికి కావాల్సిన భూమికి యజమానుల సమ్మతి, సాధ్యాసాధ్యాల నివేదిక ఉండాలని ఆ దేశ చట్టం చెబుతోంది. కంపెనీ దగ్గర అవి పూర్తిగా లేవు. ఆ చిన్న విషయం తేలడానికి ఏడేళ్లు పట్టింది. 2016లో దేశం గెలిచింది, 80 లక్షల డాలర్ల ఖర్చులు తిరిగి రావాలని తీర్పు వచ్చింది. మధ్యలో గడిచిన ఏడేళ్లలో గనుల మీద, నీళ్ల మీద ఏ కొత్త చట్టం రాయాలన్నా మంత్రులు ఎన్నిసార్లు వెనకాడి ఉంటారో ఎవరు లెక్కగట్టారు?

ఇంకా పెద్ద లోటు ఎదురు దావాది. నదిని విషం చేసి వెళ్లిన కంపెనీ ప్రభుత్వం మీద దావా వేయగలదు, ఆ నదిని శుభ్రం చేసే ఖర్చు ప్రభుత్వం అదే చోట అడిగే వీలు దాదాపు లేదు. అడిగిన దేశాలు లేకపోలేదు. అమెజాన్ అడవిలోని చమురు క్షేత్రాల కాలుష్యానికి ఈక్వడార్ ఎదురు దావా వేసి బర్లింగ్టన్ నుంచి 2017లో 4.17 కోట్ల డాలర్లు, పెరెంకో నుంచి 2019లో 5.4 కోట్ల డాలర్లు రాబట్టే తీర్పులు తెచ్చుకుంది. ఆ రెండు కేసుల్లోనూ తాను కట్టాల్సింది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ, అది వేరే సంగతి. బ్యూనస్ ఎయిరిస్ నీటి సరఫరా కేసులో అర్జెంటీనా మంచినీటి హక్కు ఆధారంగా ఎదురు దావా వేస్తే, 2016లో ట్రైబ్యునల్ దాన్ని విచారణకు తీసుకుంది. కంపెనీకి అలాంటి బాధ్యత ఉన్నట్టు తేల్చలేక చివరికి కొట్టేసింది. ఒప్పందంలో పెట్టుబడిదారు బాధ్యతలు రాయకపోతే ట్రైబ్యునల్‌కు పట్టుకొమ్మ దొరకదు.

ఆ పట్టుకొమ్మ మన చేతిదాకా వచ్చి జారిపోయింది. 2015 మార్చిలో మన ప్రభుత్వం విడుదల చేసిన నమూనా ఒప్పందం ముసాయిదాలో ఎదురు దావాకు చోటుంది. డిసెంబరులో ఖరారైన ప్రతిలో అది లేదు. దాని బదులు తీసివేతల వైపు ఉత్సాహం చూపారు. ‘న్యాయమైన, సమానమైన వ్యవహారం’ అన్న జారుడు మాటను తీసేసి నిర్దిష్టంగా నాలుగు తప్పులు రాశారు. అది మంచి పని. కువైట్ అరువు మళ్లీ జరగకుండా అత్యంత అనుకూల దేశం నిబంధనను ఎత్తేశారు, అదీ మంచిదే. పన్నులను మొత్తంగా బయట పెట్టి, ఏది పన్ను వ్యవహారమో తేల్చే అధికారం కూడా ప్రభుత్వానికే ఇచ్చుకున్నారు. కెయిర్న్ ఉదంతం తర్వాత ఇది విదేశీయుడికి ఎలా వినిపిస్తుందో ఊహించవచ్చు. ఐదేళ్లు స్థానిక కోర్టుల్లో పోరాడాకే బయటికి రావాలన్న నియమం సూత్రంగా సరైనదే. కానీ వైట్ ఇండస్ట్రీస్ మనమీద గెలిచిందే మన కోర్టుల జాప్యం మీద కదా! ఈ నమూనా చేతబట్టుకుని 58 దేశాలకు పాత ఒప్పందాల రద్దు నోటీసులు పంపాం. పాత పెట్టుబడులకు రక్షణ చాలా ఒప్పందాల్లో మరో పదీ పదిహేనేళ్లు కొనసాగుతుంది. ఆ నమూనా మీద కొత్తగా సంతకం చేయడానికి మాత్రం ఎక్కువ దేశాలు ముందుకు రాలేదు. 2024 ఫిబ్రవరిలో యూఏఈతో చేసుకున్న ఒప్పందంలో ఐదేళ్లు మూడేళ్లయ్యాయి, షేర్లు, బాండ్ల పెట్టుబడులకూ రక్షణ వచ్చింది. 2025 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నమూనాను పెట్టుబడిదారులకు మరింత అనుకూలంగా తిరగరాస్తామన్నారు. ఆ జులైలో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి, పెట్టుబడుల ఒప్పందం దాంతో కలిసి రాలేదు.

మన కంపెనీలు బయట పెట్టుబడి పెడుతున్నాయి కాబట్టి గట్టి రక్షణలు మనకే లాభమన్న వాదన ఈ మధ్య బాగా వినిపిస్తోంది. నిజమే, కానీ ఆ లాభం హామీ కాదు. ఒడిశాకు చెందిన ఒక ఫెర్రో అల్లాయ్స్ సంస్థ ఇండోనేషియాలో బొగ్గు లైసెన్సు కొంది. దాని హద్దులు ఇతరుల లైసెన్సులతో కలిసిపోయాయని కేసు వేసింది. కొనేముందు చూసుకోవాల్సింది మీరేనంటూ 2019లో ట్రైబ్యునల్ కొట్టేసింది. ఆ రోజు ఆతిథ్య దేశం హక్కు ఇండోనేషియాకు పనికొచ్చింది. తిరగరాసే నమూనాలో మూడేళ్ల కోర్టు నియమం ఉండనివ్వండి, పన్ను మినహాయింపును వెనుక తేదీకి పనికిరాకుండా కుదించండి. దానికి మారుగా 2015 మార్చి ముసాయిదాలోని ఎదురు దావాను, పర్యావరణ బాధ్యతలతో సహా, తిరిగి తీసుకురావాలి. పెట్టుబడిదారుకు అనుకూలంగా అన్న మాటకు ఇంత బదులు అడగడం తప్పు కాదు.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో నేరుగా తగిలే ముడి ఒకటుంది. విశాఖ మన్యంలోని జెర్రెల బాక్సైట్ కోసం 2007లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో అవగాహనకు వచ్చింది. అందులోంచి అన్‌రాక్ సంస్థ, మాకవరపాలెం దగ్గర అల్యూమినా రిఫైనరీ పుట్టాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూములను గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడం కుదరదని సమత కేసులో సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. అందుకే తవ్వకం రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థది, ఖనిజం కంపెనీకి అన్న ఏర్పాటు చేశారు. గిరిజనులు ఒప్పుకోలేదు. 2015 నవంబరులో 97వ నంబరు జీవోతో అటవీ భూమి వాడకానికి అనుమతిచ్చి, ఆందోళన లేచాక దాన్ని పక్కన పెట్టారు. 2016లో రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ యూఏఈతో ఉన్న అప్పటి ఒప్పందం కింద భారతదేశం మీద దావాకు దిగింది. అడిగింది సుమారు 4.5 కోట్ల డాలర్లు.

ఆ దావా ఫలితం కన్నా దాని పుట్టుక మనకు ముఖ్యం. బాక్సైట్ తవ్వొద్దన్నది పటిష్ఠమైన నిర్ణయం. దాని వెనక ఐదో షెడ్యూలు ఉంది, సమత తీర్పు ఉంది, గ్రామసభలకు అధికారమిచ్చిన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. ఒడిశాలోని నియమగిరి తవ్వకాల విషయంలో గ్రామసభల మాటే చెల్లాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఇవన్నీ పెట్టుబడి పెట్టేవాడు ముందే చదువుకోదగ్గ పత్రాలు. గ్రామసభల తీర్మానాల మీద నడిచి, కారణాలు రాసి తిరస్కరించి ఉంటే ఆ ఫైలు ఉరుగ్వే ఫైలుకు దీటుగా నిలిచేది. కానీ ప్రభుత్వమే పిలిచింది, ప్రభుత్వమే అనుమతిచ్చింది, ప్రభుత్వమే ఆపింది. ఈ ఊగిసలాటలో ఒక్కో కాగితమూ అవతలి లాయరుకు సాక్ష్యం.

జీవో రాష్ట్రానిదైనా ముద్దాయి భారతదేశమే. సమాఖ్యలో అధికారాల పంపకం మా అంతర్గత వ్యవహారమని అంతర్జాతీయ చట్టం ముందు చెప్పడానికి లేదు. నిస్సాన్ కంపెనీ తమిళనాడు ప్రభుత్వ రాయితీల బకాయిల మీద 2017లో కేంద్రం మీదే కేసు వేసి 2020లో రాజీపడింది. పాకిస్థాన్‌కు తగిలిన దెబ్బ ఇంకా పెద్దది. రెకో దిక్ రాగి గనికి బలూచిస్థాన్ ప్రాంతీయ ప్రభుత్వం 2011లో లీజు నిరాకరించింది. సుమారు 22 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి ఒక్క టన్ను రాగి కూడా తీయని కంపెనీకి, గని నడిస్తే వచ్చుండే లాభాలు లెక్కగట్టి, 2019 జులైలో ట్రైబ్యునల్ వడ్డీతో కలిపి 580 కోట్ల డాలర్లకు పైగా ఇమ్మంది. అదే నెలలో పాకిస్థాన్‌కు అంతర్జాతీయ ద్రవ్యనిధి మంజూరు చేసిన అప్పు 600 కోట్ల డాలర్లు. మన నమూనా తిరగరాసేటప్పుడు పరిహారాన్ని పెట్టిన పెట్టుబడికి ముడిపెట్టాలో, రాబోయే లాభాలకు ముడిపెట్టాలో తేల్చకుండా వదిలేస్తే ఆ ఖాళీని మధ్యవర్తులు పూరిస్తారు.

దావోస్‌లో, విశాఖ సదస్సుల్లో, హైదరాబాద్ హోటళ్లలో కుదిరే ఎంవోయూల వెనక భూమి, నీళ్లు, కరెంటు ధర, రాయితీల హామీలుంటాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ పవన, సౌర విద్యుత్ కొనుగోలు ధరలను తిరగదోడినప్పుడు విదేశీ పెట్టుబడిదారుల ఆందోళన దిల్లీదాకా వెళ్లిన సంగతి తెలిసిందే. ధరలు ఎక్కువని అనుకుంటే సమీక్షించే హక్కు ప్రభుత్వానికి ఉంది. ఆ సమీక్షకు నియంత్రణ మండలి నివేదిక ఆధారమా, ఎన్నికల ప్రసంగం ఆధారమా అన్నది తర్వాత ఎవరో అడుగుతారు. ఇప్పుడు ఆ హామీలిచ్చే ఫైళ్లలో, వెనక్కి తీసుకునే ఫైళ్లలో కూడా, ఫలానా దేశంతో ఉన్న ఒప్పందం ఏం చెబుతోందన్న న్యాయ శాఖ నోటు ఉంటున్నట్టు కనిపించడం లేదు. ఒప్పందాల చర్చల్లో రాష్ట్రాలకు కుర్చీ లేదు. కొత్త నమూనా ఖరారయ్యే ముందు కేంద్రం రాష్ట్రాలను లిఖితపూర్వకంగా అడగాలి. అడిగితే ఏం చెప్పాలో, ఏ హామీలకు ఎవరు బాధ్యులో, అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ పరిశ్రమల శాఖ, న్యాయ శాఖ కలిసి కూర్చుని ముందే రాసిపెట్టుకోవాలి.